సార్ రీప్రింట్ల మూటలు

పోయిన దసరా సెలవుల్లో మూడు రోజులు బాపట్లలో మా పీహెచ్‌డీ గైడు గారింట్లో కూర్చుని ఆయన పరిశోధన పేపర్ల లెక్క తేల్చాను. సార్‌కి సహస్ర చంద్ర దర్శనం చేస్తున్నారని తెలిసి, పాత విద్యార్థులమంతా కలిసి ఒక చిన్న సంచిక వేద్దామనుకున్నాం. వాట్సాప్ గ్రూపులో ఎవరో "సార్ హెచ్-ఇండెక్స్ ఎంత? వెనక అట్ట మీద వేద్దాం" అని అడిగారు. ఒక పరిశోధకుడి పేపర్లని మిగతావాళ్ళు ఎంతగా ఉదహరించారో చెప్పే అంకె అది. పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్‌లో సార్‌కి ప్రొఫైలే లేదు. అలాంటిదే ఇంకోటి, స్కోపస్‌లో 7 పేపర్లు కనిపించాయి. ఆ మాట గ్రూపులో పెట్టాక కాసేపు ఎవరూ ఏమీ రాయలేదు. 36 ఏళ్ళు మట్టి రసాయనంలో పనిచేసి, 11 మందితో పీహెచ్‌డీ చేయించిన మనిషికి 7 పేపర్లేమిటి? నేను దగ్గర్లోనే ఉంటాను కాబట్టి ఆ పని మీద వేసుకున్నాను.

వెళ్ళేసరికి సార్ ముందుగదిలో బీరువా తెరిచి పెట్టుకుని కూర్చున్నారు. కింద అరలో గుడ్డ సంచులు. మట్టి నమూనాలు తెచ్చే సంచులే, ముతక గుడ్డవి, మూతి దగ్గర తాడు. వాటిలో మట్టి బదులు రీప్రింట్లు, అంటే అచ్చయిన పేపర్ల విడి ప్రతులు ఉన్నాయి. ఒక్కో సంచికి బయట ఒక చీటీ, లోపల ఒక చీటీ. పొలంలో నమూనా తీసినప్పుడు అలాగే కడతాం కదా, బయటి చీటీ చిరిగినా లోపలిది ఉంటుందని. బయటి చీటీల మీద ఏళ్ళు వేసి ఉన్నాయి: 1969–74, 1975–80... లోపలి చీటీ మీద అందులో ఉన్న పేపర్ల జాబితా, సార్ గుండ్రటి చేతిరాతలో. సంచులన్నీ విప్పి చాప మీద పరిస్తే 63 పేపర్లు తేలాయి. ఆంటీ రెండోసారి కాఫీ తెచ్చి, కాళ్ళు పెట్టడానికి చోటు లేక గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

63 ఎక్కడ, 7 ఎక్కడ! మిగతావి ఎటు పోయాయో వెతుకుతుంటే మొదట తగిలింది పేరు సమస్య. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, అది కూడా ఒక్క అక్షరంగా. తర్వాత అసలు పేరు, దాని చివర రావో రెడ్డో. పత్రికలవాళ్ళు చివరి ముక్కని ఇంటిపేరు అనుకుంటారు. అలా సార్ కొన్ని పేపర్లలో ఉత్త "రావు", ముందు మూడు ఇనీషియల్స్. కొన్నింట్లో పేరు, రావు కలిసిపోయి ఒకే మాట. ఒక అమెరికా పత్రిక ఇంటిపేరు పూర్తిగా రాయమంటే రాశారట, అందులో వేరే మనిషిలా ఉన్నారు. మొత్తం ఐదు రకాలుగా దొరికారు. ఇక ఆ మూడు ఇనీషియల్స్‌తో "రావు" అని వెతికితే ఒక గుండె డాక్టరు, ఒక రేడియో తరంగాల ఫిజిక్స్ ప్రొఫెసరు, సార్, ముగ్గురూ ఒకే జాబితాలో వస్తున్నారు. ఒక్కో పేపరు తెరిచి, కింద చిరునామా చూసి, ఇది మనది, ఇది కాదు అని బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరాలి.

ఇది ఇవాళ్టి ఇబ్బంది కాదు. ఎల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతే చూడండి. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి. 1925లో హార్వర్డ్ మెడికల్ స్కూల్లో ఫిస్క్ అనే పరిశోధకుడితో కలిసి భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతిని జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ప్రచురించారు. మాలిబ్డేట్ కలిపితే భాస్వరం ఉన్నంత మేరకు నీలం రంగు వస్తుంది, ఆ నీలం చిక్కదనాన్ని కొలిచి లెక్కగడతారు. విజ్ఞానశాస్త్రంలో అత్యంత ఎక్కువగా ఉదహరించిన పేపర్లలో అదొకటి. కానీ ఎవరు ఎవరిని ఉదహరించారో చూపే సైటేషన్ రికార్డులో ఎల్లాప్రగడ అన్న మాట కనిపించదు. అక్కడ ఆయన "సుబ్బారో, వై." ఇంట్లో పిలిచే పేరు ఇంటిపేరైంది, ఇంటిపేరు ఒక్క అక్షరమైంది. స్పెల్లింగు కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఇవాళ మా ల్యాబుల్లో మట్టిలో భాస్వరం కొలవడానికి విటమిన్ సి వేసి నీలం రంగు తెప్పిస్తాం, అది 1962లో మర్ఫీ, రైలీ చెప్పిన పద్ధతి. అయినా కలరీమీటర్ ముందు ఆ నీలం చూసినప్పుడల్లా నాకు భీమవరమే గుర్తొస్తుంది.

నా సంగతీ చెప్పాలి. పెళ్ళికి ముందు రాసిన రెండు పేపర్లలో నా ఇనీషియల్ మా నాన్నగారి ఇంటిపేరుది. తర్వాతవన్నీ మావారి ఇంటిపేరుతో. అప్పట్లో ఎవరూ ఆగి ఆలోచించమని చెప్పలేదు, ఆఫీసు కాగితాల్లో ఎలా మారిందో పేపర్లలోనూ అలాగే మారిపోయింది. ఎమ్మెస్సీలో చేసిన చౌడు నేలల పని ఇంకెవరో అమ్మాయిది అన్నట్టు విడిగా ఉండిపోయింది. 2012లో పరిశోధకుల గుర్తింపు నంబరు, ఆర్కిడ్ ఐడీ వచ్చాక దాంట్లో రెండు పేర్లూ చేర్చుకున్నాను. 16 అంకెల నంబరు, పేరు ఎలా మారినా అది మారదు. మా దగ్గర పీజీలో చేరే ప్రతి ఆడపిల్లకీ నేను మొదటి రోజే చెప్తాను: తల్లీ, మొదటి పేపరు పంపేముందు నీ పేరు ఏ రూపంలో ఉండాలో తేల్చుకో, ఆ తర్వాత దాన్ని మార్చకు.

మొదటి రోజంతా దీనికే సరిపోయింది. రెండో రోజు గూగుల్ స్కాలర్‌లో సార్‌కి ప్రొఫైల్ తెరిచి పేపర్లు కలపడం మొదలుపెట్టాను. హెచ్-ఇండెక్స్ గురించి తెలియనివాళ్ళకి: 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసరు చెప్పిన లెక్క ఇది. మీ పేపర్లలో 10 పేపర్లకి ఒక్కోదానికి కనీసం 10 సైటేషన్లు ఉంటే మీది 10. పేరు ముక్కలైతే ఈ లెక్క ఎంత దెబ్బతింటుందో నేను ఇదివరకు గమనించలేదు. 1983లో సార్ రాసిన ఒక పేపరు స్కాలర్‌లో రెండుసార్లు ఉంది, ఒకచోట పేరు సరిగ్గా, ఇంకోచోట ఒక అక్షరం తప్పుగా. ఒకదానికి 8 సైటేషన్లు, ఒకదానికి 7. హెచ్-ఇండెక్స్ 8 దాటాలంటే, విడివిడిగా ఉన్నప్పుడు రెండూ లెక్కలోకి రావు. కలిపితే 15, అప్పుడు వస్తుంది. ఇలాంటివి 9 జతలు కలిపాను. మొదట 8 దగ్గర ఉన్న సార్ హెచ్-ఇండెక్స్ సాయంత్రానికి 13 అయింది. సార్ ఆ రోజు చేసిందల్లా పొద్దున పేపరు చదవడం, మధ్యాహ్నం నిద్రపోవడం.

అయితే ఎక్కువ సైటేషన్లు దేనికొచ్చాయో చూసినప్పుడు నేను ఆశ్చర్యపోలేదు. నాలుగు పేజీల నోటు. తీరప్రాంతపు ఉప్పు నేలల్లో సేంద్రియ కర్బనం కొలిచేటప్పుడు క్లోరైడ్ వల్ల వచ్చే తేడా గురించి. మా రంగంలో ఎప్పుడూ పద్ధతులకే సైటేషన్లు ఎక్కువ. మా రంగమే కాదు, 2014లో నేచర్ పత్రిక వేసిన, అన్నిటికంటే ఎక్కువగా ఉదహరించిన వంద పేపర్ల జాబితాలో మొదటిది ప్రొటీన్ కొలిచే పద్ధతి, 1951 నాటి లౌరీ పేపరు, 3 లక్షలకు పైగా సైటేషన్లు. కొత్త సంగతి కనిపెట్టినదాన్ని ఆ సంగతితో పనున్నవాళ్ళే తలుస్తారు. కొలత నేర్పినదాన్ని కొలిచే ప్రతివాడూ తలుస్తాడు.

మట్టిలో కర్బనం కొలిచే వాక్లీ-బ్లాక్ పద్ధతి సంగతి కొంచెం దగ్గర నుంచి చెప్తాను, ఎందుకంటే నా ఉద్యోగ జీవితంలో సగం దాని ముందే గడిచింది. గ్రాము మట్టి కోనికల్ ఫ్లాస్కులో వేసి, 10 మిల్లీలీటర్ల పొటాషియం డైక్రోమేట్, దానిపైన 20 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తాం. ఫ్లాస్కు చేత్తో పట్టుకోలేనంతగా కాలిపోతుంది. ఆ వేడిలోనే మట్టిలో కర్బనం ఆక్సీకరణ చెందుతుంది, ఆ మేరకు డైక్రోమేట్ ఖర్చవుతుంది. అరగంట పక్కన పెట్టి, 200 మిల్లీలీటర్ల నీళ్ళు, కాస్త ఫాస్ఫారిక్ ఆమ్లం, డైఫినైల్ ఎమీన్ చుక్కలు. ద్రావణం నేరేడుపండు రంగుకి తిరుగుతుంది. ఇక మిగిలిన డైక్రోమేట్ ఎంతో తేల్చడానికి బ్యూరెట్ నుంచి ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్ వదులుతూ ఫ్లాస్కు తిప్పుతుంటే ఊదా కాస్తా మురికి నీలమై, ఒక్క చుక్కతో ఆకుపచ్చ అయిపోతుంది. ఆ ఒక్క చుక్క దగ్గర చెయ్యి ఆగాలి. సార్ నాకు నేర్పినప్పుడు బ్యూరెట్ రీడింగు చూడనిచ్చేవారు కాదు. "రంగు చూడమ్మా, అంకె తర్వాత చూద్దువు" అనేవారు. అంకె ముందే చూస్తే మన చెయ్యి మనకి కావలసిన చోట ఆగుతుందని ఆయన భయం.

1934లో ఇంగ్లండులోని రోథంస్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వాక్లీ, బ్లాక్ రాసిన ఆ పద్ధతి మట్టిలోని కర్బనాన్ని మొత్తం పట్టుకోదు, సుమారు 77 శాతమే పడుతుంది. అందుకే 1.3తో గుణిస్తారు. ఆ 77 వాళ్ళు చూసిన నేలలకి వచ్చిన సగటు. మన నల్లరేగడికి, మన తీరపు ఇసుక నేలలకి అదే సరిపోతుందా అని అడిగే ఓపిక ఎంతమందికి ఉంది? పైగా బాపట్ల చుట్టుపక్కల ఉప్పు నేలల్లో క్లోరైడ్ కూడా డైక్రోమేట్‌ని తినేస్తుంది, కర్బనం ఉన్నదానికంటే ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. సార్ నోటు చెప్పింది ఆ సంగతే, మన నేలల నమూనాల మీద, సిల్వర్ సల్ఫేట్ కలిపి, కలపకుండా. పని మూడు నెలలది. "అది వర్షాకాలంలో పొలాలకి వెళ్ళడం కుదరక చేసిన పని కదమ్మా" అన్నారు సార్, దానికి 140 సైటేషన్లున్నాయని చెప్పినప్పుడు.

ఆ 140లో ఓ 30 పేపర్లు తెరిచి చూశాను. నాలుగైదు తప్ప మిగతావాళ్ళు నోటు చదివినట్టు లేదు. కొందరు ఆ నోటులో లేని మాటని దానికి అంటగట్టారు. ముగ్గురు పేజీ నంబరు ఒకేలా తప్పు రాశారు, అంటే ఒకరి నుంచి ఇంకొకరు దించుకున్నారన్నమాట. కోపం వచ్చింది కానీ ఎక్కువసేపు నిలవలేదు, ఎందుకంటే నేనూ అదే చేశాను. నా థీసిస్‌లో లభ్య నత్రజని, అంటే మొక్కకి అందే నత్రజని కొలిచే పద్ధతికి "సుబ్బయ్య, అసీజా, 1956" అని రాశాను. అది కరెంట్ సైన్స్ పత్రికలో వచ్చిన రెండు పేజీల పేపరు. దేశంలో చాలా భూసార పరీక్షా కేంద్రాలు ఈ పద్ధతి మీదే నడుస్తాయి: పొటాషియం పర్మాంగనేట్, కాస్టిక్ సోడా పోసి మరిగించి, వచ్చే అమ్మోనియాని పట్టుకోవడం. హెక్టారుకి 280 కిలోల లోపైతే తక్కువ, 560 దాటితే ఎక్కువ అని రైతుకిచ్చే భూసార కార్డు మీద వేసేది ఈ కొలతే. అసలు పేపరు మీద అచ్చయిన పేరు సుబ్బియా. మనకి అలవాటైన సుబ్బయ్యగా మార్చి ఎవరో ఒకరు రాశారు, దాన్ని చూసి వందలమంది రాశారు, వాళ్ళని చూసి నేనూ రాశాను. పద్ధతి మొత్తం కంఠతా వచ్చు, పేపరు మాత్రం చూడలేదు. చూసింది ఉద్యోగంలో చేరిన ఆరేళ్ళకి.

మట్టి పరీక్షలకి మేమంతా చూసే జాక్సన్ పుస్తకం సంగతీ అంతే. సాయిల్ కెమికల్ అనాలిసిస్ అమెరికాలో 1958లో వచ్చింది. మనకి దొరికింది ఢిల్లీలో వేసిన చవక ముద్రణ, అందుకే మన థీసిసుల్లో కొన్నింట 1967 ఉంటుంది, కొన్నింట 1973. పుస్తకం ఒకటే, రికార్డులో ముగ్గురు జాక్సన్లు. 2003లో సిమ్‌కిన్, రాయ్‌చౌధురీ అనే ఇద్దరు కాలిఫోర్నియా పరిశోధకులు రిఫరెన్సుల్లో అచ్చుతప్పులు ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకుతున్నాయో లెక్కగట్టి, ఉదహరించినవాళ్ళలో సుమారు 20 శాతం మందే అసలు పేపరు చదివి ఉంటారని తేల్చారు. నాకది తక్కువ అనిపించలేదు.

గార్ఫీల్డ్ అనే అమెరికన్ 1955లో ఈ సైటేషన్ సూచిక ఆలోచన మొదట చెప్పినప్పుడు మనుషులకి మార్కులు వేయడం ఆయన ఉద్దేశం కాదు. ఒక పాత పేపరులో తప్పుందని తర్వాత ఎవరైనా చూపిస్తే, అది తెలియక పాతదాన్నే పట్టుకుని రాసుకుంటూ పోకుండా ఉండాలని, వెనక నుంచి ముందుకి దారి వేశాడు. 1960ల్లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అచ్చయింది. ఇప్పుడు మా దగ్గర ఆ దారిలో ఎవరూ నడవడం లేదు, మైలురాళ్ళు మాత్రం లెక్కపెడుతున్నాం. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ప్రమోషన్‌కి ఇంకో లెక్క, నాస్ రేటింగు. జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ ఒక్కో పత్రికకి 20కి ఇంత అని స్కోరు ఇస్తుంది. పేపరులో ఏముందో కాదు, ఎక్కడ వచ్చిందో చూసి మార్కు పడుతుంది. ఆ టెన్షన్‌లోనే నేను 2013లో డబ్బు కట్టి ఒక ఆన్‌లైన్ పత్రికలో పేపరు వేయించుకున్నాను. ఇవాళ ఆ పత్రికే లేదు, సైటు తెరిస్తే ఏవో ప్రకటనలు. రెండేళ్ళ కాడ్మియం పని అందులో పోయింది. మళ్ళీ రాయడానికి వీల్లేదు, అచ్చయినట్టే లెక్క కదా.

మూడో రోజు పొద్దున సార్ ఒక పొడవాటి రిజిస్టరు తీశారు. ఎర్ర క్యాలికో అట్ట, చెదలు మూల కొరికినది. "ఇవి లెక్కలోకి రావేమో, చూడు" అన్నారు. 1981 నుంచి 1987 దాకా కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి పొలాల్లో తీసిన 612 మట్టి నమూనాలు. ఊరు, కాలవ పేరు, రైతు ఏ రకం వేశాడు, ఏ నెల, పీహెచ్, జింకు. జింకు కొలిచింది లిండ్సే, నార్వెల్ 1978లో చెప్పిన డీటీపీఏ (మట్టి నుంచి లోహాలని లాగే రసాయనం) పద్ధతిలో: 10 గ్రాముల మట్టి, 20 మిల్లీలీటర్ల ద్రావణం, రెండు గంటలు ఊపడం. 0.6 పీపీఎమ్ (పది లక్షల్లో 0.6 వంతు) కంటే తక్కువ వచ్చిన, అంటే జింకు చాలని ఊళ్ళ పక్కన ఎర్ర సిరాతో చుక్క. కొన్ని పేజీల్లో వరసగా చుక్కలే.

ఈ రిజిస్టరు పేపరుగా వచ్చినప్పుడు నాలుగు పేజీలైంది. 612 నమూనాలు ఒక పట్టికలో ఆరు వరసలు. ఊళ్ళ పేర్లు లేవు. దానికి ఇప్పటికి 11 సైటేషన్లు. సార్‌కి ఉన్న పేపర్లన్నిట్లో ఇష్టమైనది ఇదే అని మాకందరికీ తెలుసు. ఎందుకంటే ఆ పని చేస్తున్న రోజుల్లో ఆయన మనసంతా పొలాల్లోనే ఉండేది. నాట్లేసిన మూడు నాలుగు వారాలకి పైరు గిడసబారి, ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు తేలి, రైతులు తెగులనుకుని మందులు కొడుతుంటే, ఇది తెగులు కాదు జింకు లోపం అని ఊరూరా తిరిగి చెప్పాల్సిన కాలం అది. వరిలో ఆ జబ్బుకి కారణం జింకు లోపమని 1966లో ఉత్తరాదిన పంత్‌నగర్‌లో వై. ఎల్. నేనే అనే శాస్త్రవేత్త తేల్చారు. అయితే అక్కడ తేలింది మన కాలవ కింద నిజమేనా, ఎంత వేయాలి అన్నది ఇక్కడ ఎవరో ఒకరు మట్టి పిసికి చూడాలి. అలా చూసినవాళ్ళలో సార్ ఒకరు. అప్పుడు వేసిన తెలుగు కరపత్రం ఒకటి రిజిస్టరు మధ్యలో మడిచి ఉంది. ప్రమోషన్ ఫారాల్లో దాన్ని పాపులర్ ఆర్టికల్స్ కింద వేస్తారు, మార్కు చాలా చిన్నది.

నిరుడు ఖరీఫ్‌లో రేపల్లె వైపు ఒక ఎరువుల కొట్టు దగ్గర నిలబడి ఉన్నాను. ఒక పెద్దాయన జింకు అడిగాడు. కొట్టు అబ్బాయికి పాతికేళ్ళు కూడా ఉండవు. సంచి తీస్తూనే చెప్తున్నాడు: "బాబాయ్, ఎకరాకి 20 కిలోలు, ఆఖరి దమ్ములో వెయ్యి. డీఏపీతో కలపమాక, మూడు రోజులు తేడా ఉండాలి. పైరు మీద కొట్టేదైతే లీటరుకి 2 గ్రాములు." ఒక్క మాట తప్పు లేదు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే "అందరూ చెప్పేదేగా మేడం" అన్నాడు. డీఏపీలోని భాస్వరంతో కలిస్తే జింకు మొక్కకి అందకుండా పోతుందని ఎంతమంది ఎన్ని కుండీల్లో వరి పెంచి చూశారో ఆ అబ్బాయికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. మా ల్యాబుల్లో నత్రజని కొలిచే యూనిట్‌ని కెల్డాల్ అంటాం. 1883లో డెన్మార్క్‌లో కెల్డాల్ రాసిన పేపరుని ఇవాళ చాలామంది రిఫరెన్సుల్లో వేయరు, ఆయన పేరు గాజు సామాను పేరైపోయింది. సార్ పేపరు విషయంలో పేరు కూడా మిగల్లేదు. "అందరూ" అన్న మాటలో కలిసిపోయింది.

ఇలా మనుషులు పోయి ఊరు మిగిలిన సందర్భం కూడా ఒకటుంది. మాది దర్శి వైపు. 1937లో షార్ట్, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ (తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలకీ పళ్ళకీ వచ్చే జబ్బు) గురించి రాసిన పేపరు నాటి నెల్లూరు జిల్లా గురించి, మా ప్రాంతం అప్పుడు అందులోనే ఉండేది. మా తాతయ్య మోకాళ్ళు ముడుచుకోలేక పీట మీద కాళ్ళు చాపుకుని భోంచేసేవాడు. పేరులేని ఆ జబ్బు ఒక పేపరుగా ఎప్పుడో అచ్చయి ఉందని నాకు పీజీలో తెలిసింది. తర్వాత 1970ల్లో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారుచేశారు. దాన్ని ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అంటుంది. ఆఫ్రికాలో కూడా ఆ పేరుతోనే తెలుసు. చేసినవాళ్ళ పేర్లు చాలామందికి తెలియవు, నల్గొండ మాత్రం ప్రతి పేపరులో ఉంది. జబ్బుతో బాధపడిన ఊరికి ఆ మాత్రం దక్కడం నాకు సబబుగానే తోస్తుంది.

నేను తర్వాత సీసం, కాడ్మియం లాంటి భారలోహాల వైపు వెళ్ళాను. 1979 నాటి టెసియర్ పద్ధతిలో మట్టిని ఐదు దఫాలుగా ఒక్కో ద్రావణంతో కడిగి, ఏ లోహం ఎంత గట్టిగా అంటుకుని ఉందో చూడటం నా పని. మా పనికి సైటేషన్లు త్వరగా వస్తాయి. 2001లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వాళ్ళు హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతపు మట్టిలో భారలోహాల గురించి రాశారు. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి మందుల ఫ్యాక్టరీల మురుగు శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని రాసినప్పుడు ప్రపంచం ఉలిక్కిపడింది. కాలుష్యం అంటే అందరూ తిరిగి చూస్తారు. డెల్టాలో వరి మొక్క ఎందుకు గిడసబారిందో తెలుసుకోవాలని ఉండేవాళ్ళు తక్కువ. నా హెచ్-ఇండెక్స్ సార్ కంటే ఎక్కువ అని మూడో రోజు తెలిసింది. సార్‌కి చెప్పలేదు, చెప్పడానికి నోరు రాలేదు.

సాయంత్రం నాలుగింటికి ప్రొఫైల్ తయారైంది. 63లో 48 పేపర్లు చేర్చగలిగాను. మిగతా 15 నెట్‌లో ఎక్కడా లేవు, వాటిని స్కాన్ చేసి పెట్టుకున్నాను. ల్యాప్‌టాప్ సార్ ముందు పెట్టి, అక్షరాలు పెద్దవి చేసి చూపించాను. ఆయన పైనున్న అంకెలు చూడలేదు. జింకు పేపరు మీద వేలు పెట్టి "ఈ పదకొండు మంది ఎవరు?" అన్నారు. తెరిచాం. ఎక్కువమంది మనవాళ్ళే, అందులో ఇద్దరు మా బ్యాచ్. ఒకటి మాత్రం ఇథియోపియా నుంచి. అక్కడ ఫోగెరా మైదానంలో వరి పండిస్తారు, నేల మన రేగడి లాంటిదే. సార్ కళ్ళజోడు పైకి నెట్టుకుని పద్ధతుల భాగం మొత్తం చదివారు, పెదాలు కదుపుతూ. పావుగంట పట్టింది.

"నమూనాలు ఆరబెట్టాక చేశారమ్మా వీళ్ళు" అన్నారు. "నీళ్ళు నిలిచిన మట్టి ఆరబెడితే జింకు అంకె మారిపోతుంది. నేను నలభై ఊళ్ళలో తడిదీ, ఆరిందీ రెండూ చేశాను కదా."

ఆ సంగతి పేపరులో లేదు. "నాలుగు పేజీలే అన్నాడు ఎడిటరు" అని రిజిస్టరు వెనక నుంచి తిప్పారు. నిజమే, చివరి ఆరు పేజీల్లో రెండు నిలువు గీతల మధ్య జంట అంకెలు, నలభై ఊళ్ళవి. ఇన్నేళ్ళలో నేను కూడా ఆ పేజీలు చూడలేదు.

"వాళ్ళ అడ్రసు ఉందా అందులో?"

"ఈమెయిలు ఉంది సార్."

"అయితే రాయి. ముందు వాళ్ళ పని బాగుందని రాయి. తర్వాత ఈ పట్టిక పంపిస్తున్నామని రాయి. తడిమట్టిలో తేమ ఎంతో తీసేసి లెక్కవేశామని చెప్పు, లేకపోతే పొరపాటుపడతారు. ఊళ్ళ పేర్లు వద్దులే, వాళ్ళకేం తెలుస్తాయి..." అని ఆగి, "ఉండనీ, ఊళ్ళ పేర్లు కూడా పెట్టు" అన్నారు.

ఆంటీ లైటు వేశారు. ఆయన మొదటి ఊరి నుంచి చదవడం మొదలుపెట్టారు, నేను టైప్ చేస్తూ పోయాను.